రాజా వాపు, రుక్కమ్మ చెయ్యి

బర్రె ఈనలేక తన్నుకుంటుంటే పశువుల డాక్టరుకు ఫోన్ చేసే అలవాటు సాతంరాయిలో ఈ మధ్యే వచ్చింది. అంతకుముందు రుక్కమ్మ ఇంటికి మనిషిని పంపేవాళ్ళు. ఆమె ఏ పనిలో ఉన్నా వదిలేసి వచ్చేది. కొంగు నడుముకు బిగించి, కుడి చేతికి మోచెయ్యి దాటేదాకా మంచినూనె రాసుకుని, బర్రె వెనక కూర్చుని కళ్ళు మూసుకునేది. లోపల దూడ కాలు మడత పడిందా, మెడ పక్కకు తిరిగిందా అన్నది ఆ చేతికే తెలిసేది. పన్నెండేళ్ళ వయసులో మేనత్త పోచమ్మ ఆమె చేతిని మొదటిసారి ఒక ఆవు కడుపులోకి తోయించి, "ఏం దొర్కింది?" అని అడిగింది. "ముక్కు" అంది రుక్కమ్మ. "ఇగ నువ్వు పనికొస్తవ్" అంది పోచమ్మ. అదే ఆమె చదువు, అదే పట్టా.

నలభై ఏళ్ళు అలా గడిచాయి. భర్త బిక్షం పోయాడు. నాలుగెకరాల చెలక ఎయిర్‌పోర్టు కిందికి పోయింది. కొడుకు రాజశేఖర్ అదే ఎయిర్‌పోర్టులో కార్ల పార్కింగు దగ్గర యూనిఫాం వేసుకుని నిలబడ్డాడు. "మన చేన్లనే నిలవడుతున్ననే అవ్వా, గానీ ఉచ్చకు పోవాలంటె ఒకన్ని అడిగి పోవాలె" అనేవాడు. రుక్కమ్మకు మిగిలింది చెయ్యి. ఊళ్ళో దాన్ని "మంచి చెయ్యి" అనేవాళ్ళు. ఆ మాట వినబడినప్పుడల్లా ఆమె విననట్టు మొహం పెట్టేది. రెండోసారి అంటారేమోనని ఆగేది కూడా.

తుక్కుగూడకు వెళ్ళే దారిలో ఒక గుట్టను ఆనుకుని, నలభై ఎకరాలకు కంచె కట్టి, 2009లో ఒక ట్రస్టు 'హరిణవనం' పెట్టింది. దారితప్పి ఊళ్ళమీద పడ్డ దుప్పులను, కుక్కలు కరిచి వదిలేసినవాటిని తెచ్చి సాకుతామన్నారు. గేటు మీద 'ప్రకృతి ఒడిలోకి స్వాగతం' అని రాయించారు. ప్రకృతి ఒడిలో ఒక ఐస్‌క్రీమ్ బండి, ప్లాస్టిక్ పుట్టగొడుగుల కింద సిమెంటు బెంచీలు, సెల్ఫోన్లో ఫొటో తీసుకోవడానికి ఒక సిమెంటు జింక ఉండేవి. అసలు దుప్పులు లోపలెక్కడో చెట్ల కింద ఉండేవి. వాటిని సాకేందుకు జంతువుల సంగతి తెలిసిన మనిషి కావాలని రుక్కమ్మను పెట్టుకున్నారు.

మేనేజరు నరసింహమూర్తి. కోస్తా నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడ్డాయన. ముప్ఫై రెండేళ్ళు బీమా ఆఫీసులో పనిచేసి రిటైరై, ఛైర్మన్‌గారికి వరసకు బావమరిది కావడం వల్ల జంతుప్రేమికుడయ్యాడు. దుప్పి అనడు, హరిణం అంటాడు. పేడ అనడు, వ్యర్థం అంటాడు. వచ్చిన వారంలోనే ఒక పెద్ద రిజిస్టరు తెప్పించి, రోజూ లోపల ఏం జరిగిందో గుమస్తా ఫణి చేత రాయించడం మొదలుపెట్టాడు. రుక్కమ్మకు చదువు రాదు కాబట్టి ఆమె చెప్పాలి, ఫణి రాయాలి.

"రిజిస్టరు పెద్దవాళ్ళు చూస్తారు, ఆడవాళ్ళు చూస్తారు. మాట శుభ్రంగా ఉండాలి ఫణీ" అన్నాడాయన.

ఫణికి ముప్ఫై దాటాయి, పెళ్ళయింది, ఒక కూతురు. అయినా రుక్కమ్మ చెప్పేవి వింటుంటే అతని చెవులు ఎర్రబడేవి. దుప్పి ఎదకొచ్చిందని ఆమె చెబితే 'చలాకీగా ఉన్నది' అని రాసేవాడు. పోతు ఎక్కిందంటే 'రెండు హరిణములు సఖ్యముగా మెలిగినవి' అని రాసేవాడు. పారుకుంటోందంటే 'ఆరోగ్యము అంతంతమాత్రము'. చదివినవాళ్ళకు అది జంతువుల గురించా, పెళ్ళిసంబంధం గురించా అని అనుమానం రావాలి. నరసింహమూర్తి మాత్రం ప్రతి పేజీ కింద సంతోషంగా సంతకం చేసేవాడు.

అప్పటిదాకా వనంలో ఉన్న పోతు ముసలిది, ఒక కొమ్ము విరిగింది. కొత్త రక్తం కావాలన్నారు. ఛైర్మన్‌గారికి తెలిసిన ఒక పెద్దమనిషి ఫాంహౌసులో ఆవుల మంద మధ్య పెరిగిన పోతు దుప్పి ఉంది. అది ఆయన దగ్గరికి ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు. పెద్దమనుషుల ఇళ్ళలో ఉన్న వస్తువుల గురించి అలా అడగకూడదు. ఆయన దాన్ని దానం చేశాడు, పేరు 'రాజా' అని ఆయనే పెట్టాడు. బయటి జంతువును తెస్తే నెల రోజులు విడిగా ఉంచి, రక్తం పరీక్ష చేయించి, ఆ తర్వాతే మందలో కలపాలని ట్రస్టు పుస్తకంలోనే అచ్చయి ఉంది. కానీ 2011 ఉగాది నాడు ముహూర్తం బాగుంది. నెల ఆగితే మూఢం వస్తుందని ఎవరో అన్నారు.

ఉగాది పొద్దున వ్యాను వచ్చింది. రాజా కొమ్ములకు బంతిపూల దండ చుట్టారు, నుదుట కుంకుమ పెట్టారు. రాజా దండను సగం నమిలేసింది. ఛైర్మన్‌గారు పక్కన నిలబడగా ఆయన భార్య విజయ రిబ్బను కత్తిరించడానికి కత్తెర పట్టుకుంది, ఫొటోల మనిషి వంగాడు. అప్పుడు వ్యాను పలక మీద నుంచి దిగుతున్న పోతును వెనకనుంచి చూసిన రుక్కమ్మ గట్టిగా అంది.

"సారూ, ఆగుండ్రి. దీనికి ఒక వట్ట వాచి ఉన్నది. మారేడుకాయంత అయింది. ఇయ్యాల ఆడవాటిల ఇడువొద్దు."

అంతా చప్పున ఆగిపోయింది. విజయగారు కొంగు సర్దుకుని గుట్టవైపు చూసింది. ఫొటోల మనిషి కెమెరా వెనక మొహం దాచుకుని నవ్వాడు. నరసింహమూర్తి నాలుగడుగుల్లో వచ్చి పళ్ళ మధ్య నుంచి, "పండగ పూట ఏం మాటలు రుక్కమ్మా అవి? పెద్దవాళ్ళున్నారు" అన్నాడు.

"పెద్దోళ్ళకు చెప్పకపోతె ఎవలకు చెప్పాలె సారూ? దుప్పికి చెప్పాలెనా?"

"ఫణికి చెప్పు, రాస్తాడు."

చెప్పింది. ఎడమదని, ముట్టుకుంటే వేడిగా ఉందని, పోతు రెండోసారి ముట్టుకోనివ్వలేదని చెప్పింది. ఫణి కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. చివరికి 'రాజా: వెనుక ఎడమ కాలు వద్ద స్వల్ప వాపు' అని రాశాడు. ఏం రాశావని రుక్కమ్మ అడిగితే, "నువ్వు చెప్పిందే" అన్నాడు. రిబ్బను తెగింది. రాజా మందలోకి దూకింది. అప్పుడే ఎదకాలం.

వారానికి ఒకసారి బయటినుంచి వచ్చే డాక్టరు ఆ రాత చూసి, కంచె ఇవతలి నుంచే ఆ కాలు మీదికి నొప్పుల మందు చిమ్మించి పోయాడు. వాపు తగ్గలేదని రుక్కమ్మ మళ్ళీ చెప్పింది. 'కాలి వాపు యథాతథము.' మూడోసారి చెప్పింది. 'కాలి వాపు విషయమై శ్రద్ధ వహించవలెను.' అంత శ్రద్ధగా రాసిన అబద్ధం ఆ చుట్టుపక్కల ఇంకెక్కడా ఉండదు.

దసరా వెళ్ళిన మూడో రోజు మొదటి దుప్పి ఈసుకుపోయింది, నెలలు నిండకుండానే పిల్లను పడేసింది. ఆరు నెలలు దాటిన పిల్ల, వెంట్రుకలు కూడా వచ్చాయి, చుక్కలు లెక్కపెట్టొచ్చు. రుక్కమ్మ దాన్ని కొంగులో ఎత్తుకునే లోపల నాలుగైదు చూడి దుప్పులు వచ్చి వాసన చూసి నాకాయి. మాయ పడలేదు. వట్టి చేత్తో లాగింది. వారానికి ఇంకోటి. తర్వాత రెండు ఒక్కరోజే. దీపావళి పదిహేను రోజులు దాటేసరికి ఇరవై మూడు చూడి దుప్పుల్లో పదకొండు పిల్లల్ని పోగొట్టుకున్నాయి. ప్రతి పిల్లనూ ఆమే ఎత్తింది, ప్రతి మాయనూ ఆమే తీసింది, తుమ్మచెట్ల వెనక ఆమే గొయ్యి తీసి పూడ్చింది. తుమ్మ ముళ్ళు గీరి చేతులనిండా గాట్లు.

నరసింహమూర్తి కారణం కనిపెట్టాడు. విమానాలు. వాటి చప్పుడుకు బెదిరి హరిణములు గర్భం కోల్పోతున్నాయి. కుర్చీ వేసుకుని కూర్చుని విమానాలు వెళ్ళే టైములు రాసుకున్నాడు, పక్కన ఈసుకుపోయిన తేదీలు రాసుకున్నాడు, రెంటి మధ్య ఎర్ర గీతలు గీశాడు. రోజంతా విమానాలు పోతూనే ఉంటాయి కాబట్టి ఏ తేదీకైనా ఏదో ఒక విమానానికి గీత కుదిరేది.

"గా విమానాలు మూడేండ్ల సంది పోతున్నయి గద సారూ" అంది రుక్కమ్మ. "నిరుడు మంచిగనే ఈనినయి. నిరుడు జర మెల్లగ పోయినయా?"

ఆయన ఇంకో ఎర్ర గీత గీశాడు. కానీ ఆ ప్రశ్న ఆయనకు గుర్తుండిపోయింది, ప్రశ్నకన్నా ఎక్కువగా అడిగిన మనిషి గుర్తుండిపోయింది. తర్వాతి కమిటీ మీటింగులో విజయగారు, "ఆ పెద్దావిడ చెయ్యి పడినవే పోతున్నాయి కదండీ" అన్నప్పుడు ఆయన కాదనలేదు. నిజమే, పోయిన ప్రతిదాని మీదా రుక్కమ్మ చెయ్యి పడింది. ఆమె ముట్టుకోకపోతే పక్కన నిలబడ్డవాళ్ళెవరూ ముట్టుకునేవాళ్ళు కాదు. మంటలు లేచిన ప్రతిచోటా ఫైరింజను కనబడుతుంది కాబట్టి ఊళ్ళు తగలబెడుతున్నది ఫైరింజనే అని తేల్చడానికి ఆ కమిటీకి పదిహేను నిమిషాలు పట్టింది. మధ్యలో టీ కూడా తాగారు.

చూడి దుప్పుల దగ్గరికి వెళ్ళొద్దన్నారు. నెలాఖరుకు మానుకోమన్నారు. జీతం పోతుందన్న బాధ ఉంది గానీ, దానికి ఇంకో పని దొరుకుతుంది. పోయేది వేరే ఉందని ఆమెకు నాలుగు రోజుల్లోనే తెలిసింది. పక్కింటి జంగమ్మ బర్రె ఈనడానికి అవస్థ పడుతోంది. అది ఎలా మూలుగుతోందో విని దూడ అడ్డం తిరిగిందని రుక్కమ్మ ఇంట్లో నుంచే చెప్పగలదు. నూనె సీసా తీసి గడపలో పెట్టుకుని కూర్చుంది. పిలుపు రాలేదు. కాసేపటికి డాక్టరు మోటారుసైకిలు వచ్చింది. జంగమ్మ ఆమె గడప ముందు నుంచే, తల తిప్పకుండా, నీళ్ళ బిందెతో పోయింది.

ఇంకోటి కూడా ఉంది. ఆమె ఎవరికీ చెప్పనిది. దీపావళి నాటి నుంచి సాయంత్రమయ్యేసరికి జ్వరం వస్తోంది, తెల్లారేసరికి చెమటతో గొంగడి తడిసిపోతోంది, నడుము పట్టేస్తోంది. రాజశేఖర్ బలవంతాన ఊళ్ళో డాక్టరు దగ్గరికి తీసుకుపోతే మలేరియా అన్నాడు, తర్వాత టైఫాయిడ్ అన్నాడు, రెండుసార్లూ సెలైన్ ఎక్కించాడు. నువ్వు ఏం పని చేస్తావమ్మా అని అడగలేదు. ఆమె చెప్పలేదు. చెయ్యి చెడ్డదంటున్న రోజుల్లో ఒళ్ళు కూడా చెడిందని ఎలా చెబుతుంది?

పాత డాక్టరు రావడం మానేశాడు. అతని స్థానంలో సాహితి వచ్చింది. పశువైద్యం చదివిన ఇరవై ఎనిమిదేళ్ళ అమ్మాయి, ఇంట్లో ఏడాదిన్నర పిల్ల. కారు దిగడానికే పావుగంట పట్టింది. రబ్బరు బూట్లు, మోచెయ్యి దాకా గ్లౌజులు, మూతికి గుడ్డ, పైన ఇంకో చొక్కా. గంటకోసారి ఇంటికి ఫోన్. "దగ్గు తగ్గిందా? పాలు కాచారా? పొంగేదాకా కాచారా? మళ్ళీ కాయండి."

రుక్కమ్మ చెట్టు కింద కూర్చుని చూసింది.

"బిడ్డా, నువ్వు దుప్పుల కాడికి వచ్చినవా, కడుక్కునేటందుకు వచ్చినవా?"

"రెండింటికీ వచ్చానండీ రుక్కమ్మగారూ."

"గారు గీరు వద్దు. గారు అన్నోళ్ళే నన్ను ఎల్లగొడుతున్నరు."

సాహితి నవ్వి, రిజిస్టరు తెప్పించుకుని ఏప్రిల్ నుంచి చదివింది. కాలి వాపు. కాలి వాపు. కాలి వాపు. తలెత్తి కంచె అవతల చూసింది. రాజా ఒక కట్టమీద నుంచి ఇంకో కట్టమీదికి అవలీలగా దూకింది.

"ఏ కాలండీ ఇది?"

రుక్కమ్మకు నెల తర్వాత మొదటిసారి నవ్వొచ్చింది. నవ్వితే నడుము నొప్పి పుట్టి ఆపుకుంది. "కాలు గాదు బిడ్డా. వట్ట."

సాహితి మొహం తిప్పుకోలేదు. దగ్గలేదు. జేబులోంచి పుస్తకం తీసి, "ఎడమదా, కుడిదా?" అని అడిగింది.

"ఎడమది."

"ఎంత ఉంది?"

"మారేడుకాయంత. ఉగాది నాడే ఉన్నది."

ఏడు నెలల్లో తనను ఒక పనికొచ్చే ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఈ చేతులు కడుక్కునే పిల్లేనని రుక్కమ్మ మనసులో ఒప్పుకుంది. పైకి మాత్రం, "ఇగ రాసుకో" అంది.

సాహితికి అనుమానం అప్పుడే వచ్చింది. మత్తు సూది కొట్టించి రాజా రక్తం తీసింది, ముసలి పోతుది తీసింది, ఈసుకుపోయిన వాటిలో అయిదింటివి తీసింది. గాజు గొట్టాల్లో రక్తం పేరుకుని పైన తేట నీరు తేలేదాకా ఆగింది. క్యాంటీను పనిలో మిగిలిపోయిన తెల్ల టైలు ఒకటి కడిగించి తెప్పించి, దాని మీద వరసగా తేట నీటి చుక్కలు పెట్టి, ప్రతిదాని పక్కనా గులాబీరంగు మందు చుక్క వేసి, పుల్లతో కలిపి, టైలును అటూ ఇటూ ఊపింది. నరసింహమూర్తి, ఫణి, రుక్కమ్మ చుట్టూ నిలబడ్డారు. నాలుగు నిమిషాలు. ముసలి పోతు చుక్క నునుపుగా అలాగే ఉంది. రాజా చుక్కలో సన్నని రవ్వలాగా గింజలు కట్టాయి. దుప్పుల చుక్కలు అయిదూ గింజలు కట్టాయి.

"గింజలు కడితే రోగమున్నట్టు. బ్రూసెల్లోసిస్ లాగే ఉంది. పెద్ద ల్యాబుకు కూడా పంపుతాను" అంది సాహితి. "ఆవులకూ బర్రెలకూ వచ్చే ఈసుడు రోగం ఇదే. ఫాంహౌసులో ఆవుల దగ్గర దీనికి అంటుకుని ఉంటుంది. మగదాని వృషణాలు వాస్తాయి, కలిసినప్పుడు ఆడవాటికి ఇవ్వగలదు. ఒక్కదానికి వచ్చిందా, అది ఈసుకుపోయినప్పుడు పడే మాయ, నీరు నాకిన ప్రతిదానికీ వస్తుంది."

నరసింహమూర్తి ఫణిని రెండడుగులు వెనక్కి పొమ్మని, గొంతు తగ్గించి, "అంటే అమ్మా... సుఖవ్యాధా?" అన్నాడు.

"కొంతవరకు అలాగే అనుకోండి."

"హరిణాలకు అలాంటివి ఉండవమ్మా. అవి ప్రకృతిలో పెరిగేవి. అదంతా మనుషుల్లో, అదీ ఒకలాంటి మనుషుల్లో..."

"ప్రకృతికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదండీ. ఆస్ట్రేలియాలో కోలా అని ముద్దుగా ఉండే జంతువు ఉంది. దానికి ఇలా అంటుకునే రోగంతో కళ్ళు పోతాయి, ఆడవి గొడ్డుపోతాయి. అడవి పందులకు ఉన్నాయి, కుక్కలకు ఉన్నాయి. జత కట్టే ప్రతిదానికీ ఏదో ఒకటి ఉంది."

ఆయన మొహంలో, అడవిలోని జంతువులన్నీ కలిసి తనను మోసం చేశాయన్న బాధ కనబడింది.

టైలు కడుగుతూ సాహితి రుక్కమ్మ వైపు చూసింది. ఎండలో నిలబడి కూడా ఆమె కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది.

"జ్వరమొస్తోందా మీకు?"

"లేదు."

"సాయంత్రాలా? చెమటలు పడుతున్నాయా? నడుము నొప్పా?"

రుక్కమ్మ కొంగు ఇంకా బిగించి పట్టుకుంది. సాహితి ఆ చేతుల మీది తుమ్మ గాట్లు చూసింది, గ్లౌజు లేని వేళ్ళు చూసింది. ఆమెకు తన ఇంట్లో ఏడాదిన్నర పిల్ల గుర్తొచ్చి ఒక్కక్షణం వెనక్కి జరిగింది. వెంటనే సిగ్గుపడి ముందుకొచ్చింది.

"నాది గూడ తియ్యి" అంది రుక్కమ్మ. "గానీ వీళ్ళ ముందర వద్దు."

మర్నాడు కారు డిక్కీ మీద టైలు పెట్టి చూశారు. ఒకే చుక్క. రుక్కమ్మ కళ్ళు మూసుకోలేదు, ఈసారి కళ్ళతోనే చూసింది. గులాబీ చుక్క మెల్లగా గరుకుగా మారి గింజలు కట్టింది.

"అంటే నా చెయ్యే..."

"కాదు. రాజా ఏప్రిల్లో వచ్చింది. మీకు జ్వరం దీపావళికి వచ్చింది. మీ చేతినుంచి వాటికి పోలేదు, వాటి నుంచే మీ చేతికి వచ్చింది. గాట్లున్న చేత్తో మాయ తీశారు, అలా అంటుతుంది. పచ్చిపాలు తాగినా అంటుతుంది. నయమవుతుంది, ఆరు వారాలు మందు మింగాలి. ఒక్క రోజు కూడా మానకూడదు."

గవర్నమెంటు దవాఖానలో మళ్ళీ పరీక్ష చేసి అదే మాట అన్నారు, రెండు రకాల గోళీలిచ్చారు. ఒకటి మింగితే ఉచ్చ నారింజరంగులో వచ్చేది. "ఐస్‌క్రీమ్ బండోడు జూస్తె సీసాల పోసి అమ్ముకుంటడు" అంది రుక్కమ్మ కొడుకుతో. జోకులు వేస్తోంది గానీ లోపల భయం అలాగే ఉంది. నెలాఖరుకు కమిటీ కూర్చుంటుంది. తన జబ్బు సంగతి దవాఖాన నుంచి అప్పటికే వనం దాకా పాకింది.

అనుకున్నట్టే అయింది. కమిటీ గదిలో ఛైర్మన్‌గారు, విజయగారు, మేనేజరు బల్ల వెనక. సాహితి, ఫణి బల్లకు పక్కన. రుక్కమ్మ తలుపు దగ్గర, నిలబడి.

నరసింహమూర్తి కాగితం చదివాడు. రోగమున్న మాట వాస్తవం, పెద్ద ల్యాబు కూడా అదే తేల్చింది. అయితే ఆ రోగం వనంలో పనిచేసే మనిషి ఒంట్లో కూడా ఉన్నది. ఆమె ఊళ్ళో పశువుల దగ్గర తిరిగే మనిషి. అక్కడి నుంచి ఆమె ద్వారానే వచ్చి ఉండవచ్చు. దానమిచ్చిన పెద్దమనిషి పేరు ఇందులోకి లాగడం మర్యాద కాదు.

"వృషణం వాపు ఉగాది నాటికే ఉందండీ" అంది సాహితి.

"అలాగని రిజిస్టరులో లేదమ్మా. చూడండి, కాలి వాపు అని ఉంది. నాకు తెలిసింది రిజిస్టరు." ఆయన పేజీని ఛైర్మన్ ముందుకు తిప్పాడు. సంతకం తళతళలాడింది.

ఛైర్మన్ రుక్కమ్మ వైపు చూశాడు. "నువ్వు కాలు అనే చెప్పావా?"

"నేను చెప్పింది గీ ఫణి సారుకు ఎరుకే. నేను చెప్తె నమ్మరు. ఆయననే అడుగుండ్రి."

ఉగాది నాడు ఆ మాట ఈ గదిలో ఉన్న ముగ్గురు పెద్దలూ చెవులారా విన్నారు. ఇప్పుడు ముగ్గురిలో ఒక్కరికీ గుర్తులేదు. మర్యాదస్తుల చెవులు అంతే, అక్కర్లేనిది అందులో నిలవదు. అందరూ ఫణి వైపు తిరిగారు.

ఫణి లేచి నిలబడ్డాడు. ఉద్యోగం ఇచ్చిన నరసింహమూర్తి ఒక పక్క, విజయగారు ఒక పక్క. తలుపు దగ్గర రుక్కమ్మ. ఆమె కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని నిలబడింది.

"ఆమె కాలు అని చెప్పలేదు సార్. నేనే అలా రాశాను."

"మరి ఏమని చెప్పింది?"

ఫణి నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే గుట్ట మీదుగా విమానం వచ్చింది. కిటికీ అద్దాలు అదిరాయి. ఆ చప్పుడు చాటున ఫణి ఆ మాట అనేశాడు. పెదాలు కదలడం కనబడింది, అంతే. చెప్పేశానన్న ఊరటతో కూర్చోబోయాడు.

"ఏమిటి? వినబడలేదు" అన్నాడు ఛైర్మన్.

విమానం పోయింది. నరసింహమూర్తి తల అడ్డంగా ఊపుతున్నాడు. ఫణి మళ్ళీ లేచాడు. మెడ దాకా ఎర్రబడ్డాడు.

"వట్ట సార్" అన్నాడు గట్టిగా. ఒకసారి అనేశాక అతనికి ఆపడం తెలియలేదు. "ఎడమ వట్ట వాచిందని చెప్పింది. వేడిగా ఉందని చెప్పింది. మూడుసార్లు చెప్పింది. మీరు శుభ్రంగా రాయమన్నారని నేను మూడుసార్లూ కాలు అని రాశాను. ఆడవాటిలో వదలొద్దని కూడా చెప్పింది. అది అసలు రాయనే లేదు."

విజయగారు ఈసారి గుట్టవైపు చూడలేదు. చాలాసేపు బల్లవైపు చూసింది.

ఎవరూ రుక్కమ్మకు క్షమాపణ చెప్పలేదు. ఆ గదిలో ఆ అలవాటు లేదు. "సరే, ఉండనీ ఆమెను" అన్నాడు ఛైర్మన్, కుర్చీ గురించి చెప్పినట్టు. రాజాకు గుట్ట పక్కన వేరే కంచె కట్టారు. రోగమున్న దుప్పులను ఇంకో పక్కకు మార్చారు. మిగతావాటికి ఇంకో పోతును, ఈసారి రక్తం పరీక్ష చేయించాకే, తెచ్చారు. రాజా కంచె మీద 'విశ్రాంతిలో ఉన్న రాజా' అని నరసింహమూర్తి బోర్డు పెట్టించాడు. ఎందుకు విశ్రాంతి అని పిల్లలు అడిగితే పెద్దలు ఐస్‌క్రీమ్ బండి చూపించేవాళ్ళు.

రుక్కమ్మకు గ్లౌజులు ఇచ్చారు. అవి తొడుక్కుంటే చేతి కళ్ళకు గంతలు కట్టినట్టుందని తిట్టుకుంది. తిట్టుకుంటూనే తొడుక్కుంది. సంక్రాంతి దాటిన తర్వాత జ్వరం పూర్తిగా తగ్గింది. ఆ వేసవిలో జంగమ్మ రెండో బర్రె ఈనలేక పడిపోయింది. డాక్టరు ఫోన్ ఎత్తలేదు. జంగమ్మ వచ్చి గడప బయట నిలబడి, "అక్కా" అని ఊరుకుంది. రుక్కమ్మ ఆమెను కావలసినంతసేపు నిలబెట్టి, ఆ తర్వాత లేచి గ్లౌజులు తీసుకుంది. దూడ దక్కింది. జంగమ్మ మనవడికి పొదుగు కింది పచ్చిపాలు గ్లాసులో పడుతుంటే రుక్కమ్మ ఆ గ్లాసు లాక్కుని పొయ్యి మీది గిన్నెలో పోసింది. "పొంగేదాంక కాగనియ్యి" అంది. ఎవరి మాట అదో ఆమెకే గుర్తొచ్చి, మూతి ముడుచుకుంది.

వనంలో రోజూ మధ్యాహ్నం రిజిస్టరు రాయడం ఇప్పటికీ ఉంది. రుక్కమ్మ స్టూలు మీద కూర్చుంటుంది, ఫణి బల్ల దగ్గర. ఒకప్పుడు చెప్పి లేచిపోయేది. ఇప్పుడు పోదు.

"కొత్త పోతు రెండు వట్టలు మంచిగున్నయి. ఆరో నంబరు దుప్పి ఎదకొచ్చింది. పోతు ఎక్కింది. రాసినవా?"

"రాశాను."

"చదువు."

ఫణి చదివాడు, గొంతు తగ్గించకుండా. ఆమె ఒక్కో మాటకూ తలాడించి, చివరిదాకా విని, అప్పుడు లేచింది.